పునీతులంటే పాపం ఎరగనివాళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

రోమ్‌లో ఎవరికైనా పునీత పట్టం కట్టిన మర్నాడు మన దినపత్రికల్లో వచ్చే వార్తలు ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. ‘సెయింట్ హోదా దక్కింది’, ‘రెండు అద్భుతాలు చేసినందుకు గుర్తింపు’, ‘పోప్ సెయింట్‌హుడ్ ప్రదానం’. పద్మ పురస్కారాల వార్త ఎలా రాస్తారో ఇదీ అలాగే రాస్తున్నారు. చదివినవాళ్లకు చివరికి అర్థమయ్యేది ఇది: పునీతులు పుట్టుకతోనే మచ్చలేనివాళ్లు, మహిమలు చేయగలవాళ్లు, పోప్ చేతి మీదుగా బిరుదు పుచ్చుకున్నవాళ్లు. ఆదివారం పూజకు వెళ్లే కథోలికుల్లో కూడా చాలామంది ఇలాగే అనుకుంటున్నారు. కాబట్టి తప్పు ఒక్క పత్రికలదే అనను. కానీ ఇది దిద్దాల్సిన తప్పు. పునీతులంటే ఎవరో తప్పుగా అర్థమైతే పాపమంటే ఏమిటో కూడా తప్పుగానే అర్థమవుతుంది.

2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పదిమందిని పునీతులుగా ప్రకటించారు. అందులో దేవసహాయం గురించి మన పత్రికలు బాగానే రాశాయి. భారతదేశం నుంచి పునీత పట్టం పొందిన తొలి గృహస్థుడు కాబట్టి అది సహజమే. అదే రోజు, అదే వేదిక మీద ప్రకటించిన మరో పేరు షార్ల్ ద ఫూకో. ఈయన ఫ్రాన్స్‌లో 1858లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. చేతికొచ్చిన ఆస్తిని విందులకూ విలాసాలకూ తగలేశాడు. సైన్యంలో అధికారిగా ఉంటూ ప్రియురాలి వ్యవహారంలో పై అధికారుల మాట వినక 1881లో వేటు వేయించుకున్నాడు. దేవుడి మీద నమ్మకం ఎప్పుడో వదిలేశాడు. 1886 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ అగస్టిన్ గుడికి వెళ్లి, ఉవ్‌లాన్ అనే గురువును (ఫాదర్‌ను) కలిసి, మతం గురించి పాఠాలు చెప్పమని అడిగాడు. ఆ గురువు పాఠాలేవీ చెప్పలేదు. ముందు మోకరించి పాపసంకీర్తనం, అంటే గురువు ముందు తన పాపాలు ఒప్పుకోవడం, చేయమన్నాడు. ఫూకో చేశాడు. అక్కడి నుంచి ముప్ఫై ఏళ్లు సహారా ఎడారి దాకా సాగిన ఆ జీవితం 1916 డిసెంబరు 1న తమన్‌రాసెత్‌లో తుపాకీ గుండుతో ముగిసింది.

ఆయన పాత జీవితాన్ని శ్రీసభ (కథోలిక సంఘం) ఎక్కడా దాచిపెట్టలేదు. అగస్టిన్ విషయంలోనూ అంతే. పెళ్లి కాకుండానే బిడ్డకు తండ్రయి, 387లో మిలాన్‌లో జ్ఞానస్నానం పొందిన ఆయన కథ ప్రపంచమంతటికీ తెలుసు. యేసు ఎవరో తనకు తెలియదని పేతురు మూడుసార్లు బొంకాడని సువార్తలే రాశాయి. పౌలు విశ్వాసులను ఇళ్లలోంచి ఈడ్చి చెరసాలలో వేయించినవాడు. కథోలిక బోధ ప్రకారం పాపం అంటనివారు ఇద్దరే, యేసు ప్రభువు, ఆయన తల్లి మరియమాత. మిగతా పునీతులందరూ క్షమాపణ పొందినవాళ్లే.

ఇక పాపం సంగతి. తెలుగు మాటల్లో ‘పాపం’ అంటే జాలి కూడా, దురదృష్టం కూడా. శ్రీసభ మాత్రం దీనికి చాలా కచ్చితమైన కొలత పెట్టుకుంది. ఒక పని చావైన పాపం, అంటే మనిషిని దేవుడి నుంచి తెంచేసే ఘోరపాపం, కావాలంటే మూడూ కలిసి ఉండాలి: విషయం తీవ్రమైనదై ఉండాలి, అది తీవ్రమని చేసేవాడికి పూర్తిగా తెలిసి ఉండాలి, పూర్తి ఇష్టంతో చేసి ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లోపించినా అది చావైన పాపం కాదు. భయంతోనో, అలవాటు బానిసత్వంతోనో, ఒత్తిడి తట్టుకోలేకో చేసిన దానిలో బాధ్యత తగ్గుతుంది. కూలీ ఎగ్గొట్టడాన్ని మాత్రం ఆకాశానికి మొరపెట్టే పాపాల జాబితాలో పెట్టారు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, పొలాలు కోసిన పనివారి కూలీ మొరపెడుతోందని ఉంటుంది. ఆదివారం పూజ ఎగ్గొట్టినందుకు నలిగిపోయే ఆసామి, కూలీ బకాయి గురించి ఒక్కసారి కూడా చెప్పుకోకుండా లేచిపోతే ఆ సంకీర్తనంలో అసలు విషయం మిగిలిపోయినట్టే.

పాపసంకీర్తనంలో ఐదు పనులుంటాయని మన జ్ఞానోపదేశంలో పిల్లలకు నేర్పుతాం: ఆత్మశోధన, పశ్చాత్తాపం, ఇక చేయనన్న నిశ్చయం, గురువు ముందు చెప్పుకోవడం, ఇచ్చిన ప్రాయశ్చిత్తం తీర్చడం. ఎక్కువమంది నాలుగోదాన్నే పాపసంకీర్తనం అనుకుంటారు. ఎక్కువ పొరపాట్లు జరిగేది మొదటిదానిలో. అయిదు నిమిషాలు కూడా కూర్చుని ఆలోచించకుండా వరసలో నిలబడితే నోటికొచ్చేది ‘అన్ని పాపాలూ చేశానండి, క్షమించండి’ అన్న మాటే. శ్రీసభ చట్టంలోని 988వ సూత్రం చావైన పాపాలను రకంతో, సంఖ్యతో చెప్పమంటుంది. ఏం చేశావు, ఎన్నిసార్లు చేశావు. గురువుకు తెలుసుకోవాలన్న ఆత్రం ఉండి అడగడం లేదు. ఒకసారి తడబడినవాడికీ ప్రతి నెలా అదే చేస్తున్నవాడికీ చెప్పాల్సిన మందు వేరు. ఇంకో పొరపాటు, అత్తగారి పాపాలు, తోడికోడలి పాపాలు, మొగుడి తాగుడు చెప్పి లేచిపోవడం. ఇంకొకటి, ప్రతి పాపానికీ వెనకే ఒక సాకు తగిలించడం. వీటన్నిటికంటే పెద్దది, సిగ్గుపడి ఒక చావైన పాపాన్ని తెలిసి తెలిసి దాచడం. అలా దాచితే మిగతావాటికి పొందిన పాపవిమోచనమూ చెల్లదు, పైగా ఆ దాపరికమే మరో పాపమవుతుంది. మరిచిపోయినదానికి ఈ బాధ లేదు. గుర్తొచ్చినప్పుడు తర్వాతి సంకీర్తనంలో చెబితే చాలు.

పత్రికల్లో తరచూ కనిపించే మరో మాట, ‘చర్చికి వెళ్లి ఒప్పుకుంటే పాపాలు మాఫీ’. ఇది నిజం కాదు. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. పాడుచేసిన పేరును సరిచేయాలి. ఇవ్వగలిగి ఉండీ ఇవ్వను అనేవాడికి పశ్చాత్తాపం లేదని అర్థం, వాడికి విమోచనం చెల్లదు. సొంతదారు దొరక్కపోతే అంత మొత్తం పేదలకు ఇమ్మంటారు. గురువు విన్నది ఎవరికీ చెప్పకూడదు. ప్రాణం పోతుందన్నా, న్యాయస్థానం అడిగినా చెప్పకూడదు. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే, ఎవరూ ప్రకటించనక్కరలేకుండా, వెలిలో పడతాడు. ‘డబ్బు కడితే పాపం పోతుందట కదా’ అనే ప్రశ్న ఇండల్జెన్స్‌ల చరిత్ర నుంచి వచ్చింది. 16వ శతాబ్దం మొదట్లో వాటిని డబ్బుకు అమ్మారు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ తిరగబడింది అందుకే, తిరగబడటంలో న్యాయం ఉంది. డబ్బుతో ముడిపడిన ఇండల్జెన్స్‌లన్నిటినీ 1567లో పోప్ ఐదో పయస్ రద్దు చేశారు. అసలు ఇండల్జెన్స్ పాపాన్ని క్షమించేది కాదు. క్షమాపణ ముందే జరిగిపోయాక, ఆ పాపం వల్ల మిగిలిన శిక్షాభారాన్ని తగ్గించేది. అందుకే దానికి సంకీర్తనం చేయడం, సత్ప్రసాదం పుచ్చుకోవడం, పోప్ తలంపుల కోసం ప్రార్థించడం షరతులు. వీటికి తోడు ఏ పాపం మీదా మమకారం మిగలకూడదు. 2025 జూబిలీ సంవత్సరంలోనూ ఇవే షరతులు పెట్టారు.

ఇప్పుడు పునీత పట్టం దగ్గరికి వద్దాం. ఈ విచారణను 1983లో పోప్ రెండో జాన్ పాల్ కొత్తగా తీర్చిదిద్దారు. ఆ వ్యక్తి చనిపోయి కనీసం ఐదేళ్లు గడవాలి. ఆ వేడిలో పుట్టిన అభిమానం చల్లారాక కూడా జనంలో పేరు నిలుస్తుందా అని చూడటానికే ఆ గడువు. పోప్ దాన్ని సడలించవచ్చు. మదర్ తెరెసాకూ, రెండో జాన్ పాల్‌కూ సడలించారు. తర్వాత ఏ మేత్రాసనంలో చనిపోయారో అక్కడి బిషప్ విచారణ మొదలుపెడతారు. పుట్టిన ఊరు కాదు, పనిచేసిన ఊరు కాదు, చనిపోయిన చోటు. ఇలా విచారణకు వచ్చినవారిలో గుంటూరు పాఠకులకు దగ్గరి పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో డాక్టరై, 1920లో గుంటూరు వచ్చి, సన్యాసినిగా ఉంటూ దశాబ్దాలపాటు ఇక్కడి ఆడవాళ్లకూ పసిపిల్లలకూ వైద్యం చేసిన మనిషి. ఈ రోజు దేశమంతటా కథోలిక ఆస్పత్రులను కలిపి ఉంచే సంఘానికి 1943లో పునాది వేసింది ఆవిడే. 1957లో బెంగళూరులో కన్నుమూశారు, 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు. విచారణ మొదలైనవారికి ఇచ్చే తొలి పేరు అది. 

బిషప్ విచారణలో సాక్షులను పిలుస్తారు. కళ్లారా చూసిన సాక్ష్యం వేరు, చెవిన పడిన సాక్ష్యం వేరు, రెండింటికీ ఒకే బరువు ఇవ్వరు. వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లను తప్పనిసరిగా వినాలి. మదర్ తెరెసా మీద కటువుగా పుస్తకం రాసిన నాస్తికుడు క్రిస్టఫర్ హిచెన్స్‌ను 2001లో పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. ప్రార్థనలో దేవుడు తనకు దూరమైనట్టే ఉందని ఆమె ఏళ్ల తరబడి రాసుకున్న ఉత్తరాలను కూడా సాక్ష్యంగా సమర్పించింది ఆమె పట్టం కోసం వ్యవహారం నడిపిన గురువే. ఆమె గొప్పతనాన్ని ఆ ఉత్తరాలు తగ్గిస్తాయని చాలామంది అనుకున్నారు. ఏమీ తోచని చీకటిలో కూడా రోజూ లేచి పని చేసిందన్నది విశ్వాసానికి గట్టి రుజువని పరిశీలకులు చూశారు. నా దృష్టిలో ఆమె విషయంలో అద్భుతాలకంటే పెద్ద సంగతి ఇదే.

తర్వాత సంపుటమంతా రోమ్‌కు వెళుతుంది. తొమ్మిదిమంది వేదాంత పండితులు చదివి ఓటేస్తారు, ఆపైన కార్డినళ్లు, బిషప్‌లు. వాళ్లు వెతికేది విశ్వాసం, నమ్మిక (దేవుడి మీద ఆశ), ప్రేమ, వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే సుగుణాలు ఆ మనిషిలో వీరస్థాయిలో ఉన్నాయా అని. వీరస్థాయి అంటే ఒకసారి ఉద్రేకంలో చేసిన త్యాగం చాలదు. కష్టమైన మంచిపనిని త్వరగా, తేలిగ్గా, సంతోషంగా, ఏళ్ల తరబడి చేస్తూ ఉండటం. పాత పాపాలుంటే వాటి తర్వాతి జీవితాన్ని చూస్తారు. ఇది తేలితే ‘పూజ్యులు’ అంటారు. ఆ తర్వాత ఒక అద్భుతం రుజువైతే ‘ధన్యులు’, ధన్యులయ్యాక జరిగిన మరో అద్భుతంతో ‘పునీతులు’. వేదసాక్షులకు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారికి, మొదటి అద్భుతం అక్కరలేదు. కానీ చంపినవాడు విశ్వాసం మీద ద్వేషంతో చంపాడని తేలాలి, చనిపోయినవారు మరణాన్ని అంగీకరించారని తేలాలి. ఆస్తి తగాదాలో ప్రాణం పోతే ఎంత మంచివాడైనా వేదసాక్షి కాడు.

అద్భుతం చేసేది దేవుడు, పునీతులు మనవి చేస్తారు. రెండు అద్భుతాలు ‘చేసినందుకు’ పట్టం అన్న మాట అందుకే తప్పు. రోగం నయమైన సంగతిని 2016 నిబంధనల ప్రకారం ఏడుగురు వైద్యులు పరిశీలిస్తారు. ఏడుగురూ హాజరైతే కనీసం ఐదుగురు ‘వైద్యశాస్త్రం దీన్ని వివరించలేదు’ అనాలి. ఒకే కేసును మూడుసార్లకు మించి వాళ్ల ముందు పెట్టకూడదు. స్వస్థత త్వరగా జరగాలి, పూర్తిగా జరగాలి, నిలవాలి. కేరళ సన్యాసిని అల్ఫోన్సమ్మ పునీత పట్టానికి ఆధారమైనది పుట్టుకతో పాదాలు వంకరగా ఉన్న ఒక పసివాడి స్వస్థత. ఆమె 1946లో చనిపోతే పట్టం 2008లో. మధ్యలో అరవై రెండేళ్లు.

ఎక్కువ పట్టం విచారణలు ఈ అద్భుతం దగ్గరే ఆగిపోతాయి, ఆగడానికి కారణాలు కూడా సాదాసీదావే. రోగం రాకముందు, ఉన్నప్పుడు, పోయాక తీసిన స్కానింగ్‌లు, రక్తపరీక్షలు, డిశ్చార్జి కాగితాలు మూడు దశలవీ ఉండవు. మనవాళ్లు రోగం తగ్గగానే ఆస్పత్రి ఫైలు పారేస్తారు. రోగి అదే సమయంలో గట్టి చికిత్స తీసుకుని ఉంటాడు, మందు పనిచేసిందా, ప్రార్థనా అన్నది తేలదు. ఇంటిల్లిపాది వేళాంగణి మాతకు, అంతోని వారికి, గుణదలకు, ఆపైన ఈ దైవసేవకుడికీ కలిపి మొక్కుకుంటారు. అప్పుడు స్వస్థత ఎవరి మనవి వల్ల కలిగిందని రాయాలి? వైద్యం చేసిన డాక్టరు హిందువైనా, ముస్లిం అయినా, నాస్తికుడైనా ఫరవాలేదు, ఆయన సాక్ష్యం మాత్రం కావాలి. ఆ పేరు కూడా కుటుంబానికి గుర్తుండదు.

తొందరపడి పునీతులను చేయడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. కృష్ణా జిల్లా పెద్ద అవుటపల్లిలో 1945లో చనిపోయిన బ్రదర్ జోసఫ్ తంబి దైవసేవకుడు. ఆయన సమాధి దగ్గరకు జనం వెళతారు, మోకరించి ప్రార్థిస్తారు, ఇంట్లో పటం పెట్టుకుంటారు. వ్యక్తిగత భక్తికి అడ్డేమీ లేదు. కానీ ఇలాంటి ఏ దైవసేవకుడి విషయంలోనైనా పటంలో తల చుట్టూ కాంతివలయం గీయకూడదు. పీఠం మీద విగ్రహం పెట్టకూడదు. పేరు ముందు ‘పునీత’ అని ఫ్లెక్సీ కట్టకూడదు. ఆ పేరిట గుడి ప్రతిష్ఠించకూడదు. 17వ శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ పెట్టిన నియమం ఇది. విచారణలో బిషప్ సమాధినీ, ఆ మనిషి ఉన్న గదినీ స్వయంగా చూసి, అనుమతి లేని బహిరంగ పూజ జరగడం లేదని ప్రకటించాలి. జరుగుతోందని తేలితే పట్టం విచారణ ముందుకు కదలదు. ప్రేమతో కట్టిన ఫ్లెక్సీయే ఆ మనిషి దారికి అడ్డం పడుతుంది. ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సింది ఆయన ఉత్తరాలు, డైరీలు చెదపట్టకుండా చూడటం, ఆయన్ని ఎరిగిన ముసలివాళ్లు బతికి ఉండగానే వాళ్లు చూసినదాన్ని తేదీ వేసి, సంతకంతో రాయించి పెట్టడం.

ప్రొటెస్టంట్ సోదరుల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవుల్లో వాళ్లే ఎక్కువ. పౌలు తన పత్రికల్లో ‘పరిశుద్ధులు’ అన్నది బతికున్న మామూలు విశ్వాసులనే అని వాళ్లు చెప్పేది నూటికి నూరుపాళ్లు సరైనది, కథోలిక బోధలోనూ ఉంది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో పాతుకున్న లూథరన్ సంఘం 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలును పాటిస్తుంది. దాని 21వ అంశం పునీతులను స్మరించి వాళ్ల విశ్వాసాన్ని అనుసరించమంటుంది, వాళ్లను వేడుకోవద్దంటుంది. తేడా వేడుకోవడం దగ్గరే. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్న లూథర్ మాటను కథోలికులు అదే అర్థంలో ఒప్పుకోరు, కానీ పాపిగా మొదలుకాని పరిశుద్ధుడు లేడన్న దగ్గర ఇద్దరికీ తగాదా లేదు. కేరళ ఆర్థడాక్స్ సంఘం 1947లో తన బిషప్ పరుమల గ్రిగోరియోస్‌ను తన పద్ధతిలో, రోమ్ లెక్కల్లాంటి అద్భుతాల గణన లేకుండానే పునీతుడిగా ప్రకటించుకుంది. పద్ధతులు వేరు కాబట్టి వార్త రాసేటప్పుడు ఏ సంఘం సంగతో రాయడం అవసరం.

చివరగా దేవసహాయం. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి, నాయర్ కుటుంబం. 1745లో జ్ఞానస్నానం పొందాడు, తక్కువ కులాలుగా చూసినవాళ్లతో కలిసి కూర్చున్నాడు, 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర తుపాకీతో కాల్చి చంపారు. ఆయన పట్టం కాగితాల్లో ‘పిళ్లై’ అన్న కులనామం ఉంటే, దాన్ని తీసేయమని అర్జీలు వెళ్లాయి. రోమ్ తీసేసింది, దేవసహాయం అన్న పేరుతోనే ప్రకటించింది. భారత కథోలిక బిషప్‌ల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ, సంఘంలో వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఇవన్నీ జరిగినా, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో విచారణల్లో (ఒక్కో గురువు కింద ఉండే స్థానిక సంఘాల్లో) పంచే ఆత్మశోధన కాగితాల్లో అబద్ధం, కోపం, కామం, పూజ మానడం ఉంటున్నాయి తప్ప కులం పేరుతో చేసిన పాపం ఉండటం అరుదు. విషయం తీవ్రం, తెలిసే చేస్తున్నాం, ఇష్టపూర్వకంగానే చేస్తున్నాం, మూడు షరతులూ సరిపోతాయి. సంబంధం చూసేటప్పుడు, సమాధుల తోటలో స్థలం కేటాయించేటప్పుడు, గుడి కమిటీకి పెద్దలను ఎంచేటప్పుడు ఏ కులమని అడిగానా అన్న ప్రశ్నను వచ్చే తపస్సు కాలానికి అచ్చయ్యే కాగితాల్లో మొదటి వరసలోనే వేయమని మన విచారణకర్తలకు, అంటే ఆ సంఘాల గురువులకు, మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు